సీఓపీడీ ఉన్న నాన్నకి జలుబు చేస్తే బైపాప్ దాకా ఎందుకెళ్లింది? భోగి పొగా, పిల్లల రొంపా?

గోదారి గట్టు | 21 జనవరి 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాన్నకి 68 ఏళ్లు. జీవితమంతా చుట్ట కాల్చారు, మానేసి కొన్నేళ్లయింది. సీఓపీడీ (ఎక్కువగా పొగ వల్ల శ్వాసనాళాలు శాశ్వతంగా సన్నబడే జబ్బు) అని తేలాక ఫోరాకార్ట్, టియోవా అనే పంపులు క్రమంగానే పీలుస్తున్నారు. మాది కోనసీమలో పల్లెటూరు.

పండక్కి ఇంటినిండా జనం. హైదరాబాద్ నుంచి చెల్లి పిల్లలిద్దరూ ముక్కులు కారుతూనే దిగారు. చిన్నాడు తాతయ్య పక్కలోంచి లేవలేదు. భోగినాడు తెల్లారగట్ల నాన్న మంట దగ్గర చాలాసేపు కూర్చున్నారు. కనుమ వెళ్లేసరికి ఆయనకీ ముక్కు కారడం మొదలైంది. జ్వరం లేదు. ముక్కు తగ్గింది, హమ్మయ్య అనుకునే వేళకి ఆయాసం పట్టుకుంది. మాట మధ్యలో ఆగి రొప్పడం, పడుకోలేక కూర్చునే తెల్లార్చడం. ఆక్సీమీటర్‌ రక్తంలో ఆక్సిజన్ 84 శాతం చూపిస్తే కాకినాడ తీసుకెళ్లాం. ఐసీయూలో బైపాప్ (మాస్కుతో గాలిని ఒత్తిడితో లోపలికి పంపే యంత్రం) పెట్టారు. నిన్న వార్డుకి మార్చారు, ఇడ్లీ తింటున్నారు.

ఇప్పుడు ఇంట్లో గొడవ. అమ్మ భోగి మంటని తిడుతోంది. పెద్దమ్మ పిల్లల రొంప అంటోంది. దానికి బావకి కోపం: ‘పిల్లల జలుబుకి ఎవడైనా ఐసీయూకి పోతాడా?’ అని. డాక్టరుగారు ‘వైరల్ అండి, నిమ్ము లేదు’ అని రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోయారు.

నిజంగా మామూలు జలుబు ఇంత పని చేస్తుందా? లేక టీవీలో చెప్తున్న ఆ చైనా వైరస్సా?

లంకల రాజు | 21 జనవరి, రాత్రి 9:58

ముందు నాన్నగారు ఇంటికి రావాలి బాబూ, పంచాయితీ తర్వాత పెట్టుకోవచ్చు. మా పిన్నికీ అచ్చం ఇలాగే జరిగింది. ముక్కు తగ్గాకే ఛాతీ పట్టింది.

ఛాతీ డాక్టరు | 21 జనవరి, రాత్రి 11:15

గండం గడిచింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నేను గుంటూరులో ఛాతీ వైద్యుణ్ణి. మీ నాన్నగారి కాగితాలు చూడలేదు, అందుకని ఇది ఈ జబ్బు నడకలో మామూలుగా జరిగేదిగానే తీసుకోండి.

మీరన్న ‘చైనా వైరస్’, అంటే హెచ్ఎంపీవీ, సంగతి ముందు. అది కొత్తదీ కాదు, చైనాలో పుట్టిందీ కాదు. 2001లో నెదర్లాండ్స్‌లో గుర్తించారు, మనుషుల్లో అంతకు దశాబ్దాల ముందు నుంచే తిరుగుతోంది. ఈ నెల 6న బెంగళూరులో ఇద్దరు పసిపిల్లల్లో దొరికిందనగానే టీవీలు పూనకం తెచ్చుకున్నాయి. మీ నాన్నగారికి అదే సోకి ఉండొచ్చు, కాకపోనూవచ్చు. పరీక్ష చేయకుండా పేరు చెప్పలేం. సీఓపీడీ ఎటాక్‌తో వచ్చినవాళ్లని పరీక్షిస్తే దాదాపు సగం మందిలో ఏదో ఒక వైరస్ కనిపిస్తుంది. అందులో ఎక్కువసార్లు దొరికేది మనం లెక్కే చేయని జలుబు వైరస్, రైనోవైరస్. తర్వాత ఫ్లూ, ఆర్ఎస్‌వీ (ఇంకో శ్వాసకోశ వైరస్), పాత కరోనాలు, కొత్త కరోనా, ఈ హెచ్ఎంపీవీ. కాబట్టి మీ బావగారి ప్రశ్నకి జవాబు: పోతారు. పిల్లల జలుబుకే పోతారు.

ఎలా అంటారా? రైనోవైరస్‌కి ముక్కులో ఉండే 33–34 డిగ్రీల చల్లదనం బాగా పడుతుంది. అందుకే అది ముక్కు దిగదని ఒకప్పుడు అనుకునేవారు. దిగుతుంది. శ్వాసనాళం లోపలి పొర కణాల మీద ఐకామ్-1 అనే ప్రోటీన్ ఉంటుంది, ఈ జాతిలో చాలా రకాలు దాన్నే పట్టుకుని లోపలికి దూరతాయి. ఏళ్ల తరబడి పొగ తాగినవాళ్ల నాళాల్లో ఆ ప్రోటీన్ మామూలుకన్నా ఎక్కువగా ఉంటుంది. పైగా కళ్లెని పైకి నెట్టే సన్నని నూగు అప్పటికే సగం పోయి ఉంటుంది. వైరస్ దూరగానే కణాలు విడుదల చేయాల్సిన ఇంటర్‌ఫెరాన్ అనే వైరస్ నిరోధక ప్రోటీన్ వీళ్లలో సరిగా ఊరడం లేదని కొన్ని అధ్యయనాల్లో తేలింది. మొదటి కాపలా అలా తప్పిపోయాక న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చి పడతాయి. వాటి ఎంజైములు వైరస్‌తో పాటు నాళం గోడనీ దెబ్బతీస్తాయి. గోడ వాస్తుంది, కళ్లె పేరుకుంటుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. నాళం వ్యాసం సగానికి తగ్గితే గాలికి అడ్డు రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. ఆరోగ్యవంతుడి నాళం కొద్దిగా వాస్తే తెలియను కూడా తెలియదు. అప్పటికే సన్నబడిన నాళంలో అదే వాపు వస్తే మనిషి కూలబడతాడు.

రోగికి ఆ బాధ ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక పని చేయండి. గుండెనిండా గాలి పీల్చండి. అందులో సగమే వదిలి మళ్లీ పీల్చండి. మళ్లీ సగమే వదలండి. నాలుగో సారికి లోపల చోటుండదు. సీఓపీడీ ఎటాక్‌లో ఉన్నవాళ్లు రోజంతా అక్కడే ఉంటారు. వాళ్లకి గాలి లోపలికి పోవడంకన్నా బయటికి రావడం పెద్ద కష్టం. అలా కొన్ని గంటలు గడిచాక ఊపిరి కండరాలు డస్సిపోతాయి, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. బైపాప్ ఆ కండరాల పని కొంత తను మోస్తుంది. మత్తిచ్చి గొట్టం వేసే అవసరం చాలామందికి దానివల్లే తప్పుతోంది.

ముక్కు తగ్గాక ఆయాసం రావడం మీ ఒక్కరి అనుభవం కాదు. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు సీఓపీడీ ఉన్న వాలంటీర్ల ముక్కులో, వాళ్ల ఒప్పుకోలుతో, రైనోవైరస్ వేసి చూశారు. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. ముందు జలుబు, దాని వెనకాల ఛాతీ లక్షణాలు. పొగ తాగినా సీఓపీడీ లేనివాళ్లకి అదే వైరస్ వేస్తే ఛాతీ అంతగా పట్టలేదు.

ఇక పొగా, రొంపా? రెండూ. ఉబ్బసం ఉన్న బ్రిటన్ పిల్లల మీద 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, జలుబుకి ముందు వారంలో నైట్రోజన్ డయాక్సైడ్ (వాహనాలూ మంటలూ వదిలే వాయువు) ఎక్కువ పీల్చినవాళ్లకి తర్వాత ఎటాక్ మరింత తీవ్రంగా వచ్చింది. భోగి మంటలో పిడకలూ తాటాకులే ఉన్నా పొగ పొగే. ఇప్పుడు టైర్లు కూడా వేస్తున్నారు కదా. అమ్మగారూ పెద్దమ్మగారూ ఇద్దరూ గెలిచారు. బావగారొక్కరే ఓడారు.

మిరియాల కషాయం | 22 జనవరి, ఉదయం 6:05

డాక్టరుగారూ, ఇంత సైన్సు మాకు తెలియదు గానీ మా కాలంలో రొంప పడితే మిరియాల కషాయం, పసుపు కొమ్ము కాల్చి ఆ పొగ ముక్కుకి పట్టించడం, రాత్రి గదిలో సాంబ్రాణి. దానితోనే లేచి తిరిగాం. ఇప్పుడు జలుబంటే స్కానింగు, ఐసీయూ.

వరంగల్ వదిన | 22 జనవరి, ఉదయం 7:30

పెద్దాయనా, కషాయం తాగుండ్రి, ఎవరు వద్దన్నరు. గొంతుకు వెచ్చగ ఉంటది. కానీ పొగ ముచ్చట మాత్రం చెప్పకుండ్రి. నేను గవర్నమెంటు దవాఖానల స్టాఫ్ నర్సును. వానకాలం, చలికాలం మా వార్డుల ఆయాసంతోని వచ్చే ఆడవాళ్లల్ల బీడీ ముట్టనోళ్లే ఎక్కువ కనిపిస్తరు నాకు. మా అత్తమ్మ కూడ అంతే. జిందగీల పొగాకు ఎరుగదు. కట్టెల పొయ్యి ముంగట కూసొని ముప్పై నలభై ఏండ్లు గొట్టంతోని ఊదింది. ఆ పొగనే ఆమెకు సీఓపీడీ తెచ్చింది.

ఇగ జలుబు చేసిందంటే ఇంట్ల ఏం చేస్తరు? కిటికీలన్ని మూసి, దోమల చక్రం ముట్టిచ్చి, సాంబ్రాణి వేసి, దాని మీద జిందా తిలిస్మాత్ ఆవిరి. అసలే వాచిన గొంతులకు ఇన్ని పొగలా? ఆవిరి పడితే ముక్కు జర సాఫ్ అయితది, అంతే, వైరస్ చావది. ఇద్దరు ముసలోళ్లు గిన్నె మీద పడి కాళ్లు కాల్చుకొని వచ్చిన్రు మా దగ్గరికి.

మందుల కొట్టు | 22 జనవరి, ఉదయం 10:20

ఫార్మసిస్టుని, ఒంగోలు దగ్గర. నా కౌంటర్ మీద రోజూ చూసేది రాస్తున్నా.

జలుబు చేయగానే ‘మూడు మాత్రల షీటు ఇవ్వు’ అంటారు. అజిత్రోమైసిన్ అన్నమాట. జలుబు వైరస్ మీద అది పనిచేయదు అని చెప్తే పక్క షాపుకి పోతారు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికెళ్తే డెరిఫిలిన్ (థియోఫిలిన్ జాతి ఆయాసం మందు), డెక్సా (స్టెరాయిడ్) కలిపి సూది. పూటకి హాయిగా ఉంటుంది, ఇన్‌హేలర్ మూలన పడేస్తారు. నాలుగు రోజులకి మళ్లీ మొదటికొస్తారు.

అంతకన్నా భయపెట్టేది ఇంకోటుంది. థియోఫిలిన్ జాతి మాత్రలు వాడే ముసలాయన జలుబుకని సిప్రోఫ్లాక్సాసిన్ కొనుక్కుపోతాడు. సిప్రో ఆ మందుని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు, మోతాదు పెరిగిపోతుంది. వాంతులు, గుండె దడ, ఒక్కోసారి ఫిట్సు. క్లారిత్రోమైసిన్‌తోనూ అదే గొడవ. ఇంట్లో వాడే మందుల చీటీ చూపించకుండా యాంటిబయాటిక్ కొనకండి బాబూ.

రెండోది, ఆయాసంతో నిద్రపట్టడం లేదని అల్ప్రాజొలామ్ అడుగుతారు. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే మనిషికి నిద్రమాత్ర ఇస్తే ఊపిరి ఇంకా మందగిస్తుంది. దగ్గు ఆపే కొడీన్ సిరప్పులూ అంతే.

గోదారి గట్టు | 22 జనవరి, మధ్యాహ్నం 1:10

అందరికీ థాంక్స్ అండి. డాక్టరుగారి పోస్టు బావకి ఫార్వర్డ్ చేశాను, చూశాడు, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు 😀

మందుల కొట్టు అన్నా, ఒక అనుమానం. వైరస్ మీద పనిచేయదంటున్నారు కదా, మరి ఆసుపత్రిలో నాన్నకి యాంటిబయాటిక్ ఎందుకిచ్చారు? స్టెరాయిడ్ మాత్రలు కూడా రాశారు. స్టెరాయిడ్ వాడితే రోగనిరోధక శక్తి తగ్గుతుందంటారు, వైరస్ పెరగదా? ఇంకోటి, నర్సులు ఆక్సిజన్ 90 దగ్గరే ఉంచుతున్నారు. పెంచమంటే పెంచడం లేదు. అమ్మకి నిద్ర లేదు.

ఛాతీ డాక్టరు | 22 జనవరి, రాత్రి 10:45

చివరి ప్రశ్న ముందు. ఆ నర్సులకి నా నమస్కారం చెప్పండి. సీఓపీడీ ఎటాక్‌లో 88–92 మధ్య ఉంచడమే సరైన పద్ధతి. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సుల్లో దీన్ని పరీక్షించారు, 2010లో ప్రచురించారు. అందరికీ దండిగా ఆక్సిజన్ పెట్టిన గుంపుతో పోలిస్తే, కొలిచి ఇచ్చిన గుంపులో మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే వీళ్లలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతలోకి జారిపోతారు. ఇంట్లో కాన్సన్‌ట్రేటర్ (ఆక్సిజన్ ఇచ్చే యంత్రం) ఉన్నవాళ్లూ ఇది గుర్తుంచుకోవాలి. ఆయాసం వచ్చిందని 99 చూసేదాకా నాబ్ తిప్పకండి.

యాంటిబయాటిక్ సంగతి. వైరస్ తను వచ్చి ఊరుకోదు, వెనకాల బాక్టీరియాకి దారి తీస్తుంది. అదే ఇంపీరియల్ కాలేజీ బృందం 2012లో చూపించింది: రైనోవైరస్ సోకిన సీఓపీడీ వాలంటీర్లలో 60 శాతం మంది కళ్లెలో తర్వాత బాక్టీరియా పెరిగింది. సీఓపీడీ లేనివాళ్లలో అది 10 శాతం దగ్గరే ఆగింది. బాక్టీరియా బాగా పెరిగింది రెండు వారాల నాటికి, అంటే వైరస్ సద్దుమణిగాక. నిన్న న్యూట్రోఫిల్ ఎంజైములన్నాను చూడండి, వాటిలో ఎలాస్టేజ్ అనేది మన నాళాల్లో సహజంగా ఉండే సూక్ష్మజీవి నిరోధక ప్రోటీన్లని నరికేస్తుంది. అప్పటిదాకా మూలన పడున్న హీమోఫిలస్, న్యూమోకాకస్ లాంటివి విజృంభిస్తాయి.

అందుకే ఆయాసం, కళ్లె రెండూ పెరిగి, కళ్లె పసుపో ఆకుపచ్చో అయితే యాంటిబయాటిక్ ఇస్తాం. బైపాప్ అవసరమైనవాళ్లకి ఇస్తాం. తెల్లని కళ్లెతో ముక్కు కారుతున్నప్పుడు ఇవ్వం. ఆ మూడు మాత్రల షీటు తప్పేదేమిటంటే వేళ, మనిషి, రెండూ. మందు తప్పేం లేదు.

స్టెరాయిడ్ వాపు తగ్గించడానికి. ఒకప్పుడు రెండు వారాలు ఇచ్చేవాళ్లం. స్విట్జర్లాండ్‌లో జరిగిన పరీక్ష 2013లో వచ్చాక అయిదు రోజులు చాలంటున్నాం, రెండింటి ఫలితం ఒకటేనని తేలింది కనుక. అయిదు రోజులకి షుగర్ పెరగొచ్చు, ఉన్నవాళ్లు చూసుకోవాలి. కానీ ‘డెక్సా వేసుకుంటే బాగుంటుంది’ అని నెలకోసారి వేయించుకునేవాళ్ల ఎముకలూ చర్మమూ షుగరూ ఏమవుతాయో మా ఓపీలో కూర్చుంటే కనపడుతుంది.

బర్మింగ్‌హామ్ బుల్లెమ్మ | 23 జనవరి, తెల్లవారుజాము 3:20

తణుకు పిల్లని, ఇక్కడ ఎన్‌హెచ్ఎస్‌లో (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవలో) శ్వాసకోశ వార్డు నర్సుని. నైట్ డ్యూటీ బ్రేక్‌లో రాస్తున్నా.

ఇక్కడ చాలామంది సీఓపీడీ రోగులకి రెస్క్యూ ప్యాక్ ఇచ్చి పంపుతారు. అయిదు రోజుల ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్, ఒక యాంటిబయాటిక్, ఎప్పుడు ఏది మొదలెట్టాలో రాసిన కాగితం. కళ్లె రంగు మారితే యాంటిబయాటిక్, పంపు పీల్చినా ఆయాసం రోజువారీ పనులకి అడ్డొస్తే స్టెరాయిడ్. మొదలెట్టగానే మాకు ఫోన్ చేయాలి. కార్బన్ డయాక్సైడ్ పెరిగే వాళ్ల జేబులో ఆక్సిజన్ అలర్ట్ కార్డు ఉంటుంది, అంబులెన్సు వాళ్లకి చూపించడానికి. నాన్నగారి డిశ్చార్జి కాగితం మీద ‘ఆక్సిజన్ 88–92’ అని పెద్దక్షరాలతో రాయించుకో తమ్ముడూ. ఇంకో ఊళ్లో ఇంకో ఆసుపత్రికి వెళ్లాల్సొస్తే అదే కాపాడుతుంది.

ఇంకో సంగతి. 2024 సెప్టెంబరు నుంచి ఇక్కడ 75 నుంచి 79 ఏళ్ల వాళ్లకి ఆర్ఎస్‌వీ టీకా ఉచితంగా వేయడం మొదలెట్టారు. ఆర్ఎస్‌వీ అంటే చంటిపిల్లల జబ్బనుకునేవాళ్లం. మా వార్డులో దానితో పడుకున్నవాళ్లంతా ముసలివాళ్లే.

వరంగల్ వదిన | 23 జనవరి, ఉదయం 8:15

బుల్లెమ్మా, మీ ప్యాక్ ముచ్చట బాగుంది గానీ ఇక్కడ ఇస్తే ఏమైతదో చెప్పనా? పక్కింటాయనకు దగ్గొస్తే ‘మాకిచ్చిండ్రు, నువ్వు కూడ వేస్కో’ అని పంచుతరు. ఫోన్ చేస్తే ఎత్తే నర్సు ఎవరున్నరు? మందు కన్నా ముందు ఆ ఫోన్ నంబర్ కావాలె మాకు.

ఛాతీ డాక్టరు | 23 జనవరి, మధ్యాహ్నం 2:30

వదినతో ఏకీభవిస్తాను, పూర్తిగా కాదు. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉండి, వాట్సాప్‌లో నాకు అందుబాటులో ఉన్న కొన్ని కుటుంబాలకి రాసిస్తున్నాను. అందరికీ ఇవ్వను.

అసలు ఎటాక్‌ని ఎందుకింత పట్టించుకోమంటామంటే, అది దాటిపోయాక మనిషి యథాతథంగా మిగలడు. లండన్‌లో సీఓపీడీ రోగులు రోజూ డైరీ రాస్తే 2000లో దాన్ని లెక్కగట్టారు. 35 రోజులకి ఊపిరి వదిలే వేగం పాత స్థాయికి వచ్చింది నాలుగింట మూడు వంతుల ఎటాక్‌లలోనే. మూడు నెలలైనా రానివీ ఉన్నాయి. తరచూ ఎటాక్‌లొచ్చేవాళ్లకి ఊపిరితిత్తుల శక్తి ఏటా 40 మిల్లీలీటర్లు తగ్గితే, అరుదుగా వచ్చేవాళ్లకి 32 తగ్గింది. చిన్న తేడాలా కనిపిస్తుంది, కానీ ఏటా పోగవుతూ పోతుంది. ఒకసారి వచ్చినవాళ్లకే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. గట్టుగారూ, నాన్నగారు ఇంటికొచ్చాక నెల దాకా నీరసంగా ఉంటే కంగారు పడకండి. ఆ నెలలో మళ్లీ జలుబు తగలకుండా మాత్రం చూడండి.

లాలాగూడ అమ్మ | 23 జనవరి, సాయంత్రం 5:50

సీఓపీడీ కాదు గానీ ఇక్కడే అడుగుతున్నా. మా బాబుకి తొమ్మిదేళ్లు, ఉబ్బసం. ఏటా జూన్‌లో స్కూళ్లు తెరవగానే మొదలవుతుంది. ముందు తుమ్ములు, ఆ రాత్రో మర్నాడో పిల్లికూతలు. వాన వల్లే అని మా అత్తగారు తడవనివ్వరు, ఐస్‌క్రీమ్ బంద్. ఈసారి మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి తీసుకెళ్లి చేప ప్రసాదం వేయిద్దామంటున్నారు. వద్దంటే ఇంట్లో యుద్ధం. ఏం చేయను?

పిల్లికూతల పాపారావు | 23 జనవరి, సాయంత్రం 6:25

అమ్మా, నేను చిన్నప్పట్నుంచీ ఉబ్బసం వీరుణ్ణి. ప్రసాదమూ వేయించుకున్నా, కొరమీను పిల్ల గొంతులో గిలగిలా కొట్టుకుంటూ దిగడం ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాతా ఆయాసం వచ్చింది. చివరికి బుడెసొనైడ్ పంపు రోజూ పీల్చడం మొదలెట్టాక క్రికెట్ ఆడాను. అత్తగారితో యుద్ధం వద్దు, పంపు మాత్రం ఆపకండి. ప్రసాదం వేయించుకున్నాం కదా అని మందు ఆపేసిన వాళ్లని చూశాను, వాళ్లదే అసలు ప్రమాదం.

ఛాతీ డాక్టరు | 23 జనవరి, రాత్రి 11:05

పాపారావుగారు నా పని సగం చేసేశారు. చేప ప్రసాదం ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. విశ్వాసం మీద నేను చెయ్యి వేయను. కానీ ఆ క్యూలో వేలమంది దగ్గుతూ నిలబడతారు, అదీ వైరస్‌లు లేచే వానాకాలం మొదట్లో. తీసుకెళ్లక తప్పకపోతే మాస్కు పెట్టి, పంపు జేబులో వేసుకుని వెళ్లండి.

మీ బాబు సంగతి వానా కాదు, ఐస్‌క్రీమూ కాదు. ఇంగ్లండ్‌లో 9–11 ఏళ్ల పిల్లల్ని గమనించి 1995లో రాశారు: ఉబ్బసం ఎక్కువైన సందర్భాల్లో 80 శాతానికి పైగా వైరస్ దొరికింది, మూడింట రెండొంతుల్లో అది రైనోవైరస్ జాతిదే. కెనడాలో వేసవి సెలవులు అయ్యాక సెప్టెంబరులో ఆసుపత్రులు ఉబ్బసం పిల్లలతో నిండుతాయి, మన దగ్గర బళ్లు తెరిచేది జూన్‌లో. రైనోవైరస్ సి అనే రకం పిల్లల ఉబ్బసాన్ని మరీ రెచ్చగొడుతుంది. మే నెలలో బాబు బాగానే ఉన్నాడని పంపు ఆపేస్తారు చాలామంది. ఆపకండి. జూన్ ఒకటో తేదీకి నాళాల్లో వాపు లేకుండా ఉంటే వైరస్ వచ్చినా అంత అలజడి ఉండదు. మేలోనే ఒకసారి మీ పిల్లల డాక్టరుకి చూపించి, తుమ్ములు మొదలైన రోజు ఏం పెంచాలో కాగితం మీద రాయించుకోండి.

మందుల కొట్టు | 24 జనవరి, ఉదయం 9:40

పంపుతో పాటు స్పేసర్ (పంపుకి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) కూడా కొనండమ్మా. సరిగ్గా పీలిస్తే పిల్లలకి అది నెబులైజర్‌కి తీసిపోదు, కరెంటు అక్కర్లేదు. నెబులైజర్ కొన్నవాళ్లు దాని కప్పూ మాస్కూ కడగరు, అదొక కొత్త సమస్య.

పాలమూరు పోరడు | 24 జనవరి, ఉదయం 11:30

నాకు టీబీ వచ్చి నయమైంది, కానీ కుడి ఊపిరితిత్తి కింద మచ్చ, బ్రాంకియెక్టసిస్ (శ్వాసనాళాలు వెడల్పై కళ్లె నిలిచిపోయే జబ్బు) మిగిలింది. జలుబైతే నాకు గూడ ఇదే కథ. విచిత్రం ఏందంటే 2020 లాక్‌డౌన్ సంవత్సరమంత నా ఛాతీ మస్తుగుండె. దుమ్ము లేకనా, జనం లేకనా?

బర్మింగ్‌హామ్ బుల్లెమ్మ | 24 జనవరి, రాత్రి 8:10

నీకొక్కడికే కాదు తమ్ముడూ. మా వార్డులో ఆ ఏడు సీఓపీడీ మంచాలు ఖాళీ. చాలా దేశాల లెక్కలు కలిపి చూస్తే ఆ కాలంలో సీఓపీడీ ఎటాక్‌తో ఆసుపత్రిలో చేరడం దాదాపు సగం తగ్గిందని 2021లో వచ్చింది. దుమ్ము తగ్గడం కొంత, మాస్కులూ దూరమూ ఎక్కువ అనుకుంటాను నేను. ఫ్లూలో బీ/యమగాట అనే వంశం 2020 మార్చి తర్వాత మళ్లీ కనిపించనే లేదు. ఆ రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరుకోం గానీ, బస్సెక్కేటప్పుడు మాస్కు పెట్టుకుంటే పోయేదేం లేదు.

మిరియాల కషాయం | 25 జనవరి, ఉదయం 6:30

అన్నీ చదివాను. పసుపు పొగ మానేస్తాలే. ఒక్క మాట అడుగుతాను. మాలాంటివాళ్లకి ఏడాదికి పండగ మూడు రోజులే పిల్లల ముఖం కనపడేది. వాళ్లకి ముక్కు కారుతోందని రావద్దనమంటారా?

ఛాతీ డాక్టరు | 25 జనవరి, మధ్యాహ్నం 3:00

అనను మాష్టారూ. మా అమ్మకీ సీఓపీడీ ఉంది, మా పిల్లలూ వెళ్తారు. రొంప ఉన్న పిల్లాడు తాతయ్య పక్కలో పడుకోడు, ఒకే కంచంలో ముద్దలు తినరు, తలుపులూ కిటికీలూ తీసి వరండాలో కూర్చుంటారు. చేతులు సబ్బుతో రుద్ది కడగాలి. రైనోవైరస్‌కి పైన కొవ్వు పొర ఉండదు, అందుకే శానిటైజర్‌కన్నా సబ్బూ నీళ్లూ నమ్మకం. పెద్దాయన మాస్కు పెట్టుకోవడంకన్నా దగ్గేవాళ్లు పెట్టుకోవడం మేలు.

ఏటా ఫ్లూ టీకా, ఒకసారి న్యూమోకాకల్ టీకా. ఫ్లూ టీకా రైనోవైరస్‌ని ఆపదు. దానిలో 160కి పైగా రకాలున్నాయి, టీకా ఇంకా లేదు. కానీ ఫ్లూ వస్తే దెబ్బ ఛాతీతో ఆగదు. కెనడాలోని ఒంటారియోలో 2018లో చూశారు, ఫ్లూ నిర్ధారణైన మొదటి వారంలో గుండెపోటు వచ్చే అవకాశం ఆరు రెట్లు. పొగ తాగిన గుండెలు ముందే అంతంతమాత్రం కదా. ఫ్లూ అనుమానం ఉంటే 48 గంటల్లో డాక్టరు దగ్గరికి రావాలి, ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు బాగా పనిచేసేది అప్పుడే.

ఇంట్లోవాళ్లు కనిపెట్టాల్సినవి: మాట పూర్తిచేయలేకపోవడం, పెదాలు నీలంగా మారడం, పంపు పీల్చిన గంటకే మళ్లీ కావాలనడం, అన్నిటికన్నా ముఖ్యంగా పగటిపూట మగత, తికమక. ఆయాసపడే మనిషి హఠాత్తుగా ప్రశాంతంగా నిద్రపోతుంటే సంతోషించకండి, లేపి చూడండి. లేవకపోతే 108.

నిర్వాహకుడు | 25 జనవరి, సాయంత్రం 4:10

ఈ చర్చని పైకి పిన్ చేస్తున్నాం. ఇక్కడ చదివి ఎవరూ మోతాదులు మార్చుకోవద్దు. మధ్యలో వచ్చిన రెండు మూలికల ప్రకటనలు తీసేశాం.

గోదారి గట్టు | 25 జనవరి, రాత్రి 9:25

నాన్నకి ఎల్లుండి డిశ్చార్జి అంటున్నారు. ఆక్సిజన్ మాట కాగితం మీద రాయిస్తాను బుల్లెమ్మ అక్కా. ఫ్లూ టీకా ఇప్పుడే వేయించాలా, కోలుకున్నాక వేయించాలా? మా ఊళ్లో దొరకదు.

ఛాతీ డాక్టరు | 25 జనవరి, రాత్రి 10:50

మన వైపు ఫ్లూ రెండుసార్లు లేస్తుంది, జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలంలో ఒకసారి. అందుకని మరీ ఆలస్యం చేయొద్దు. మళ్లీ చూపించుకోవడానికి వెళ్తారు కదా, ఒళ్లు కాస్త నిలదొక్కుకుని ఉంటే ఆ రోజే వేయించమని అడగండి.

మందుల కొట్టు | 26 జనవరి, ఉదయం 10:05

వెళ్లే ముందు ఫోన్ చేసి స్టాకు ఉందో లేదో కనుక్కోండి. ఆ ఏడాది కొత్త టీకానా అని డబ్బా మీద తేదీ చూడండి. ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు, కొని బస్సులో ఊరికి తీసుకెళ్లి వేయిస్తానంటే కుదరదు. కొన్నచోటే వేయించేయండి.